కారు పనికి టూల్ కిట్ కొంటున్నారా? పీసుల లెక్క వదిలేసి సైజులు చూడండి

ఇంట్లోనే కారు పని చేసుకుందామని టూల్ కిట్ల కోసం వెతకడం మొదలుపెట్టగానే కొట్టొచ్చినట్టు కనబడేది పీసుల లెక్క. 46 పీసులు, 108 పీసులు, 216 పీసులు. ఎక్కువ పీసులుంటే ఎక్కువ పనులు చేసుకోవచ్చు అనిపించడం సహజమే. కానీ ఆ లెక్కలో వేలెడు కూడా లేని స్క్రూడ్రైవర్ బిట్టూ ఒక పీసే, సాకెట్‌ను ఒకవైపుకే పట్టి తిప్పుతూ అసలు పనంతా చేసే పిడి, అంటే రాట్చెట్టూ ఒక పీసే. పెద్ద సెట్ల జాబితా ఓపిగ్గా చదివితే బిట్లు, ఆరు మూలల కడ్డీల్లాంటి అలెన్ కీలు, బోల్టు తల మీద తొడిగి తిప్పే సాకెట్లలో మీ కారులో ఎక్కడా పట్టని అంగుళాలవి, ఇవే చాలావరకు కనిపిస్తాయి. పది పనులకు పనికొచ్చే 16 నంబర్, అంటే 16 ఎంఎం, సాకెట్ మాత్రం ఉండదు.

అసలు సాకెట్ సెట్ పుట్టిందే పీసులు తగ్గించడానికి. 1920లో అమెరికాలో జోసెఫ్ జాన్సన్ అనే ఆయన, సాకెట్టూ పిడీ ఒకటిగా అతికి ఉండే పాత రెంచీలకు బదులు, పది సాకెట్లు ఐదు పిడులకు మార్చి మార్చి తగిలించుకునే సెట్ తయారు చేయించాడు. యాభై పనిముట్ల పని ఐదింటితో అవుతుందని చెప్పే అమ్మేవారు. స్నాప్-ఆన్ కంపెనీ అలా మొదలైంది. నూరేళ్లు దాటినా కొనేవాళ్లకు ఆ లెక్కే సరైనది. మంచి పిడులు, సరైన సైజులు ఉంటే చాలు, మిగతావి అవసరం వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు.

ముందు మీ బోల్టుల సంగతి

ఏ సెట్ కొనాలో తేల్చేది మీ బడ్జెట్ కంటే ముందు మీ కారు. ఒకే లావున్న బోల్టుకు ఒక్కో దేశపు ప్రమాణంలో ఒక్కో సైజు తల ఉంటుంది. 8 ఎంఎం మర ఉన్న బోల్టు తీసుకోండి. జపాన్ కార్లలో దాని తలకు 12 నంబర్ సాకెట్ పడుతుంది, జర్మన్ కార్లలో 13 కావాలి. 10 ఎంఎం మర అయితే జపాన్‌లో 14, యూరప్ కార్లలో 16 లేదా 17. 12 ఎంఎం మర అయితే జపాన్‌లో 17, యూరప్‌లో 18 లేదా 19. అందుకే టొయోటా, హోండా లాంటి కార్ల మీద పనిచేసేవాళ్లు 8, 10, 12, 14, 17, 19 సైజులతో దాదాపు అన్ని పనులూ కానిచ్చేస్తారు. ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ లాంటివి ఉన్నవాళ్లకు 13, 15, 16, 18 లేకపోతే పని ముందుకు సాగదు.

రెండు చోట్లా మారనిది 10 నంబర్. 6 ఎంఎం మర బోల్టుకు రెండు ప్రమాణాల్లోనూ తల 10 ఎంఎమ్మే. బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఫెండర్ లైనింగ్, చిన్న చిన్న బ్రాకెట్లు, ఎక్కడ చూసినా అదే తగులుతుంది. ఎక్కువసార్లు చేతిలో ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు ఇంజన్ సందుల్లోకి జారిపడి మాయమయ్యేదీ అదే. ఏ సెట్ కొన్నా సరే 10 నంబర్ సాకెట్లు పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి విడిగా కొని పెట్టుకోండి.

సెట్ జాబితాలో మొదట వెతకాల్సింది మధ్యలో ఎగిరిపోయిన సైజులు. పెట్టె మీద 8 నుంచి 19 వరకు అని రాసి ఉంటుంది, లోపల చూస్తే 15 తర్వాత నేరుగా 17, ఆ తర్వాత 19. చాలా చవక సెట్లలో జరిగేది ఇదే. అందుకే పరిధి కాకుండా ఒక్కో సైజూ వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. 8 నుంచి 19 వరకు ఒక్కటీ తప్పకుండా ఉండి, పైన 21 కూడా ఉన్న సెట్ దొరికితే సగం పని అయిపోయినట్టే. వీల్ నట్లకు చాలా కార్లలో 17, 19, 21లో ఏదో ఒకటి పడుతుంది, మీ కారుది ఏదో ముందే చూసుకోండి.

అంగుళాల సాకెట్ల మాటకొస్తే, పాత అమెరికన్ కారు ఉన్నవాళ్లకు తప్ప అవి దండగ బరువే. అమెరికన్ కంపెనీలు కూడా 1970, 80 దశకాల్లో మెట్రిక్ వైపు మళ్లాయి. దగ్గరగా ఉంది కదా అని అంగుళాల సాకెట్‌తో సర్దుకోవడం ఇంకా ప్రమాదం. 9/16 అంగుళమంటే 14.29 ఎంఎం, 14 నంబర్ బోల్టు మీద అది ఎక్కుతుంది, తిరుగుతుంది కూడా. గట్టిగా లాగినప్పుడు ఆ కొద్దిపాటి సందే బోల్టు తల మూలలను కొరికేస్తుంది. ఒకసారి తల గుండ్రంగా అయిపోయాక అరగంట పని కాస్తా రెండు రోజుల టెన్షన్ అవుతుంది.

యూరప్ కార్లుంటే ఇంకో మాట. ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ స్క్రూలు వాటిలో ఎటు చూసినా ఉంటాయి, టి20, టి25, టి30 చిన్నవాటికి, టి40, టి50 పెద్దవాటికి. బోల్టు తలే నక్షత్రంలా ఉండే రకం కూడా ఉంటుంది, దానికి ఈ-టార్క్స్ సాకెట్లు వేరే కావాలి. ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లలో పన్నెండు పళ్ల ట్రిపుల్ స్క్వేర్ బోల్టులు వస్తాయి. అది చూడ్డానికి టార్క్స్‌లాగే ఉంటుంది, టార్క్స్ బిట్ పెట్టి తిప్పితే మాత్రం పళ్లన్నీ రాలిపోతాయి. ఆ కార్లలో చాలావాటికి బ్రేక్ ప్యాడ్లను డిస్క్ మీదకు నొక్కే క్యాలిపర్ పిన్నులకు 7 ఎంఎం అలెన్ కావాలి, మామూలు అలెన్ సెట్లలో 6 తర్వాత 8 ఉంటుంది, 7 ఉండదు. బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చుకుందామనుకునేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోకపోతే చక్రం విప్పి పక్కన పెట్టాక ఆగిపోవాల్సి వస్తుంది.

పావు అంగుళమా, 3/8 నా, అర అంగుళమా

సాకెట్ వెనక చదరపు రంధ్రం ఉంటుంది కదా, రాట్చెట్ తగిలేది, దాని కొలతే డ్రైవ్. మెట్రిక్ కార్లలో కూడా ఈ కొలత మాత్రం అంగుళాల్లోనే చెబుతారు. 1/4 అంటే 6.35 ఎంఎం, 3/8 అంటే 9.5, 1/2 అంటే 12.7.

పావు అంగుళం చిన్న చేతులకు, చిన్న సందులకు. డ్యాష్‌బోర్డు, డోర్ ప్యానెల్, హెడ్‌లైట్ పట్టీలు, హోస్ క్లిప్పులు. దానితో వీల్ నట్టు విప్పాలని చూస్తే రాట్చెట్ లోపలి పళ్లు పోతాయి. అర అంగుళం చక్రాలకు, సస్పెన్షన్‌కు, ఇంకా మొండికేసిన దేనికైనా. దాన్ని తీసుకెళ్లి ఇంజన్ మీద 10 నంబర్ బోల్టు బిగిస్తే చేతికి బరువు తెలిసేలోపే బోల్టు తెగి కూర్చుంటుంది, ఎందుకంటే అంత పొడుగు పిడికి చిన్న బోల్టు ఎంత బిగిసిందో తెలియదు.

ఇంట్లో చేసుకునే పనుల్లో ఎక్కువ భాగం ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు, ఆల్టర్నేటర్ బెల్టు, సెన్సర్లు. వీటన్నిటికీ 3/8 సరిగ్గా సరిపోతుంది. ఒకే ఒక్క డ్రైవ్ కొనగలిగితే 3/8 కొనండి, ఇందులో నాకు రెండో మాట లేదు. తక్కువ ధరలో మూడు డ్రైవ్‌లూ ఉన్న సెట్ కంటే అదే డబ్బుతో వచ్చే మంచి 3/8 సెట్ ఎన్నో రెట్లు మేలు.

అర అంగుళంలో మొదట్లో పూర్తి సెట్ అక్కర్లేదు. పళ్లూ గిళ్లూ లేని పొడుగు పిడి, బ్రేకర్ బార్ అంటారు, అది ఒకటి, మీ వీల్ నట్టుకు పట్టే సాకెట్ ఒకటి, 17, 19 సాకెట్లు చాలు. పొడుగు ఎందుకంటే లెక్క చాలా తేలిక. 25 సెంటీమీటర్ల పిడి చివర 40 కిలోల బరువుతో నొక్కితే బోల్టు మీద పడే తిప్పుడు బలం, అంటే టార్క్, సుమారు 100 న్యూటన్ మీటర్లు. అదే నొక్కుడు 60 సెంటీమీటర్ల పిడి మీద అయితే 240. బిగించినప్పుడు 100తో బిగించిన నట్టు ఏడాది పాటు నీళ్లూ బురదా తిన్నాక 100కి విడవదు. చిన్న రాట్చెట్‌కు ఇనప గొట్టం తొడిగి లాగడం చాలామంది చేసే పని, రాట్చెట్లు పాడయ్యేదీ, పట్టు తప్పి వేళ్లు చితికేదీ అక్కడే. విప్పడం బార్‌తో, తిప్పడం రాట్చెట్‌తో అనే అలవాటు చేసుకుంటే మామూలు రాట్చెట్ కూడా ఏళ్లతరబడి మన్నుతుంది.

సాకెట్ లోపలికి తొంగి చూడండి

సాకెట్ నోట్లోకి చూస్తే ఆరు మూలలైనా ఉంటాయి, పన్నెండైనా ఉంటాయి. ఆరు మూలలది బోల్టు తల ఆరు పక్కలనూ వెడల్పుగా పట్టుకుంటుంది, పన్నెండు మూలలది మూలల దగ్గర కొంచెం మాత్రమే పట్టుకుంటుంది. కొత్త బోల్టు మీద తేడా తెలియదు. తుప్పు పట్టినదాని మీద, పాత పని వల్ల మూలలు కాస్త నలిగినదాని మీద తెలుస్తుంది. సాకెట్లు ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలల లాభం రింగ్ పానాల్లో ఉంది, ఇరుకు చోట పానా తీసి మళ్లీ తగిలించడానికి ఆరు మూలలదానికి కావాల్సినదాంట్లో సగం తిప్పే చోటుంటే చాలు కాబట్టి.

ఇంకో చిన్న విషయం, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. సాకెట్ అంచు లోపలి వైపు ఎంత ఏటవాలుగా చెక్కారో చూడండి. బోల్టు మీదకు సులువుగా ఎక్కాలని కొందరు ఆ ఏటవాలు మరీ లోతుగా పెడతారు, పల్చటి బోల్టు తలలు ఆ ఏటవాలులోనే ఉండిపోతాయి తప్ప అసలు పట్టు దాకా వెళ్లవు. సాకెట్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే చదునైన పట్టు అంచుకు ఎంత దగ్గర నుంచి మొదలైందో కనబడుతుంది. దగ్గర నుంచి మొదలైతే మంచిది.

రాట్చెట్ విషయంలో పళ్ల సంఖ్య చూడండి. 24 పళ్లదయితే ఒక్కో టక్కుకు 15 డిగ్రీలు తిరగాలి, 36 అయితే 10, 72 అయితే 5. ఇది కాగితం మీద చిన్న తేడా అనిపిస్తుంది, 20 సెంటీమీటర్ల పిడి ఉన్న రాట్చెట్ చివర కొలిచి చూడండి. 24 పళ్లకు చెయ్యి ఐదు సెంటీమీటర్లకు పైగా కదిలితేగానీ ఒక టక్కు పడదు, 72కి రెండు సెంటీమీటర్ల లోపే పడుతుంది. ఇంజన్‌కూ, దాని వెనక క్యాబిన్‌కు అడ్డుగా ఉండే ఫైర్‌వాల్‌కూ మధ్య సందులో చెయ్యి దూర్చినప్పుడు ఆ మూడు సెంటీమీటర్లు ఉండవు. అలాగని చవక సెట్లో 90 పళ్లు అని రాసినంత మాత్రాన మురిసిపోనక్కర్లేదు, లోపలి పని బాగోకపోతే సన్న పళ్లు బరువు పడగానే జారతాయి. ఇంట్లో పనికి 72 పళ్ల మధ్యస్థమైన రాట్చెట్ చాలు.

కొనేముందు చేతిలోకి తీసుకునే వీలుంటే ఇలా చూడండి. సాకెట్ తగిలే చదరపు ముక్కును రెండు వేళ్లతో పట్టుకుని పిడిని వెనక్కి తిప్పండి. వేళ్ల పట్టుకే ముక్కు కదలకుండా ఉండి, పిడి మాత్రం టిక్ టిక్ మని తేలిగ్గా తిరిగితే మంచిది. ముక్కు కూడా పిడితోపాటు వెనక్కి వచ్చేస్తుంటే, సగం వదులైన బోల్టు మీద కూడా అదే జరుగుతుంది, పిడి వెనక్కి తిప్పినప్పుడల్లా బోల్టు మళ్లీ బిగుసుకుంటూ ఉంటుంది. తర్వాత ముక్కును పక్కలకు ఊపి చూడండి, బాగా వదులుగా ఊగితే పక్కన పెట్టేయండి. దిశ మార్చే మీట ఒంటి బొటనవేలితో కదలాలి, అలాగని తగిలితేనే మారిపోయేంత వదులుగా ఉండకూడదు.

ఉక్కు సంగతి క్లుప్తంగా. సాకెట్ల మీద క్రోమ్ వెనేడియం అని చెక్కి ఉండాలి, బిట్లు ఎస్2 ఉక్కువైతే మేలు. మెరిసే క్రోమ్ సాకెట్లను, దెబ్బలు కొడుతూ బోల్టును తిప్పే ఇంపాక్ట్ గన్‌కు ఎప్పుడూ తగిలించకండి. అవి గట్టివే కానీ దెబ్బ మీద దెబ్బ పడితే పగులుతాయి, ముక్కలు కంటి ఎత్తులోకి ఎగురుతాయి. గన్‌కు క్రోమ్ మాలిబ్డినంతో చేసిన నల్ల రంగు ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి.

సాకెట్‌తో కాని పనులు

పొడుగు బోల్టు మీద నట్టు, పైపు మధ్యలో ఉన్న జాయింటు, పైన జానెడు చోటు కూడా లేని బ్రాకెట్టు, వీటి దగ్గర సాకెట్ పనికిరాదు. ఒకవైపు రింగు, ఇంకోవైపు ఓపెన్ ఉండే కాంబినేషన్ పానాలు 8 నుంచి 19 వరకు ఉండాలి. బోల్టును ఒకవైపు సాకెట్‌తో తిప్పుతూ అటువైపు నట్టును పట్టుకోవాలన్నా పానాయే దిక్కు. చాలా కిట్లలో పానాలు నామమాత్రంగా నాలుగో ఐదో ఇస్తారు, ఇక్కడే పెద్ద అంకెలున్న పెట్టెలు కూడా తేలిపోతాయి. పానాలు తక్కువున్న మంచి సాకెట్ సెట్ కొని, పానాల సెట్ విడిగా తీసుకోవడమే నా సలహా. అడ్జస్టబుల్ స్పానర్‌ను బోల్టు విప్పడానికి వాడకండి, దాని దవడ ఎంత బిగించినా కొంత వదులు ఉంటుంది.

బ్రేక్ పైపుల నట్లకు మామూలు ఓపెన్ పానా పెడితే మెత్తటి నట్టు మూలలు పోతాయి. వాటికి రింగు ఒకచోట తెరిచి ఉండే ఫ్లేర్ నట్ పానా ఉంటుంది, సాధారణంగా 10, 11 సైజులు. అంత దూరం వెళ్లే ఉద్దేశం ఉంటేనే కొనండి.

స్క్రూడ్రైవర్లలో జపాన్ కార్ల వాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ ప్లస్ గుర్తు స్క్రూలు చాలావరకు జపాన్ ప్రమాణం జేఐఎస్ ప్రకారం చేసినవి, తల మీద చిన్న చుక్క ఉంటే అదే గుర్తు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. హోండా కార్లలో బ్రేక్ డిస్క్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలు ఇందుకు పేరుమోసినవి. సరైన బిట్, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే అవి లొంగుతాయి. కిట్‌తో వచ్చే స్క్రూడ్రైవర్లతో మొదలుపెట్టకండి.

స్పార్క్ ప్లగ్ సాకెట్ చాలా కిట్లలో ఉంటుంది గానీ 21 ఒకటి, 16 ఒకటి ఇస్తారు. కొన్ని కొత్త ఇంజన్ల ప్లగ్గులకు 14 కావాలి, సాకెట్ గోడ కూడా పల్చగా ఉండాలి, లేకపోతే గొట్టంలోకి దిగదు. లోపల అయస్కాంతమో రబ్బరో ఉండేది తీసుకోండి, ప్లగ్గు పైకి తీసేటప్పుడు లోపల జారిపడకుండా.

ఎవరికి ఏ సెట్

టైరు మార్చడం, బ్యాటరీ, వైపర్లు, ఎయిర్ ఫిల్టర్, ఇంతవరకే చేసుకునేవాళ్లకు పెద్ద కిట్ అక్కర్లేదు. పావు అంగుళం డ్రైవ్‌తో వచ్చే 40, 50 పీసుల చిన్న పెట్టె కారులో పడేసుకుని, దానికి తోడు కారుతో వచ్చిన పొట్టి వీల్ స్పానర్ బదులు ఒక బ్రేకర్ బార్, సాకెట్ పెట్టుకుంటే సరిపోతుంది. ఈ చిన్న పెట్టెలతో బ్రేకుల దాకా వెళ్లాలని మాత్రం చూడకండి.

ఆయిల్, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు కూడా చేసుకోవాలనుకుంటే, టూల్ కిట్ కొనేవాళ్లలో ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు, 3/8 ప్రధానంగా ఉండే మధ్యస్థ సెట్ తీసుకోండి. పీసులు 60 ఉన్నా 100 ఉన్నా పట్టించుకోకండి. చూడాల్సింది పొట్టి సాకెట్లతోపాటు పొడుగు సాకెట్లు కూడా 8 నుంచి 19 వరకు ఉన్నాయా, రాట్చెట్‌కూ సాకెట్‌కూ మధ్య తగిలించే పొడుగు కడ్డీలు, ఎక్స్‌టెన్షన్లు, 75, 150, 250 ఎంఎం దరిదాపుల్లో మూడు ఉన్నాయా, మూల తిరిగే యూనివర్సల్ జాయింట్ ఉందా అని. ఎక్స్‌టెన్షన్ ఒకే ఒక్కటి ఇచ్చే సెట్లు చాలా ఉన్నాయి, ఇంజన్ లోతుల్లో పని చేసేటప్పుడు పొడవు సరిపోక అసలు ఇబ్బంది అక్కడే వస్తుంది. డ్రెయిన్ ప్లగ్గుకు టొయోటాల్లో ఎక్కువగా 14, హోండాల్లో 17, యూరప్ కార్లలో అలెనో టార్క్సో ఉండొచ్చు, అది కూడా జాబితాతో సరిచూసుకోండి.

మూడు డ్రైవ్‌లూ ఉన్న 200 పైచిలుకు పీసుల సెట్ ఎప్పుడు కొనాలంటే, ఇంట్లో రెండు మూడు రకాల కార్లుండి, సస్పెన్షన్, షాక్ అబ్జార్బర్ల దాకా చేసే ఉద్దేశం ఉండి, ఆ సెట్‌లో మూడు రాట్చెట్లూ నమ్మదగ్గవైతేనే. అలాంటివి ఉన్నాయి, లేవని కాదు. ఒక్కొక్కటీ విడిగా కొనేదానికంటే చవకగానూ పడతాయి. కానీ అదే అంకె రాసుకుని సగం ధరకు దొరికేవాటిలో పొదుపు ఎక్కడ చేశారో తెలుసుకోవడం కష్టం కాదు, రాట్చెట్ తిప్పి చూస్తే అర్థమవుతుంది.

నాలుగో దారి విడివిడిగా కొనుక్కోవడం. మంచి 3/8 రాట్చెట్ ఒకటి, పొడుగు సాకెట్ల సెట్ ఒకటి, కాంబినేషన్ పానాలు, ప్లయర్ రెండు రకాలు, అక్కడితో మొదలుపెట్టి పని వచ్చినప్పుడల్లా ఒక్కోటి చేర్చుకోవడం. మొదట్లో ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది, కానీ వాడనిది ఒక్కటీ ఉండదు. ఇప్పటికే ఇంట్లో ఏవో కొన్ని పనిముట్లు ఉన్నవాళ్లకు ఇదే నయం. ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం మధ్యస్థ సెట్టే మేలు, ఎందుకంటే ఏ సైజు ఎప్పుడు కావాలో ఇంకా తెలియదు, పని మధ్యలో ఆపి కొనడానికి పరిగెత్తే ఓపికా ఉండదు.

బ్యాటరీ ఇంపాక్ట్ గన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఉంటే హాయే, కానీ అది మొదటి కొనుగోలు కాదు. ముఖ్యంగా దానితో నట్లు బిగించకండి, విప్పడానికి వాడండి.

టార్క్ రెంచ్ లేకుండా సెట్ పూర్తికాదు

బోల్టు ఎంత బిగించాలో కొలిచి చెప్పే పనిముట్టు ఇది, కిట్లలో దాదాపు రాదు. అయినా నా దృష్టిలో రాట్చెట్ తర్వాత రెండో స్థానం దీనిదే. స్పార్క్ ప్లగ్గు ఎక్కేది ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లోకి, అక్కడ 15 నుంచి 25 న్యూటన్ మీటర్లే ఉంటుంది చాలా ఇంజన్లలో, చేతి అంచనాతో కొంచెం ఎక్కువ లాగితే హెడ్‌లో మర పోతుంది. చిన్న కార్ల వీల్ నట్లు చాలావరకు 80 నుంచి 120 మధ్య ఉంటాయి. కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, అదే చూడండి, ఎవరో చెప్పింది కాదు.

ఒకే టార్క్ రెంచ్ ఈ రెండు పనులకూ సరిపోదు. సాధారణంగా రెంచ్ తన పరిధిలో కింది 20 శాతంలో నమ్మకంగా కొలవదు. 40 నుంచి 200 దాకా ఉండే అర అంగుళం రెంచ్ చక్రాలకు, 5 నుంచి 60 దరిదాపుల్లో ఉండే చిన్నది ప్లగ్గులకు, డ్రెయిన్ ప్లగ్గుకు. మొదట ఒకటే కొనగలిగితే చక్రాలది కొనండి, ఎందుకంటే చక్రం మీరు తప్పకుండా విప్పుతారు. టక్కుమని శబ్దం చేసే రకం వాడటం సులువు, ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం కచ్చితత్వం అని రాసి, కొలిచి పరీక్షించిన పత్రం జతగా ఉన్నది చూసుకోండి. పని అయ్యాక స్ప్రింగు వదులయ్యేలా పరిధిలో అన్నిటికంటే కింది అంకెకు తిప్పి పెట్టాలి, ఇంకా కిందకు కాదు. బోల్టులు విప్పడానికి అస్సలు వాడకూడదు. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 5000 సార్లు వాడాక లేదా ఏడాదికోసారి మళ్లీ సరిచూపించాలి. ఇంట్లో వాడకానికి ఏడాది లెక్క పట్టింపు లేకపోయినా, కింద పడేస్తే మాత్రం చూపించండి.

కారు కిందకి వెళ్లే పని ఏదైనా ఉంటే జాకీ స్టాండ్ల జత కొన్నాకే మిగతావి కొనండి. జాకీ ఎత్తడానికే, పట్టి ఉంచడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక్క సీలు పోతే చాలు కారు దిగిపోతుంది, కింద మనిషి ఉన్నాడా లేదా అది చూడదు. ఎత్తని చక్రాలకు అడ్డు చెక్కలు, కళ్లకు అద్దాలు కూడా ఈ ఖర్చులోనే లెక్కేసుకోండి. టూల్ కిట్‌కు పెట్టే డబ్బులోంచి వీటికి కోత పెట్టి ఇంకో యాభై సాకెట్లు కొనడం నేను ఎవరికీ చెప్పను. ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ కారైతే నారింజ రంగు తొడుగున్న కేబుల్స్ జోలికి ఏ పనిముట్టుతోనూ వెళ్లకండి.

పెట్టె విప్పగానే

పెట్టె కూడా చూడాల్సిందే. ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన గుంతల పెట్టెలో ఏది పోయిందో ఒక్క చూపులో తెలుస్తుంది, అది లాభం. కొత్తది ఒక్కటి కొన్నా అందులో పెట్టడానికి చోటుండదు, అది నష్టం. నిలబెట్టి మూత తెరిచినప్పుడు సాకెట్లు గుంతల్లోంచి రాలిపోతే ఆ పెట్టెతో రోజూ గొడవే.

ఇంటికి రాగానే జాబితా పెట్టుకుని ప్రతి సైజూ ఉందో లేదో చూడండి, ఒకే సైజు రెండు పెట్టి పక్కది మర్చిపోవడం ఫ్యాక్టరీల్లో జరుగుతుంది. ప్రతి రాట్చెట్‌నూ రెండు దిశల్లోనూ తిప్పండి. ప్రతి సాకెట్‌నూ రాట్చెట్‌కు తగిలించి తలకిందులుగా పట్టుకుని ఊపండి, రాట్చెట్ ముక్కు మీది చిన్న బాల్ పట్టు లేనిది రాలిపోతుంది. సాకెట్ల మీద సైజు అంకె లోతుగా చెక్కి ఉందా, రంగుతో అచ్చు వేశారా చూడండి, రంగు అంకె గ్రీజు చేతులకు కొన్నాళ్లలో చెరిగిపోతుంది. వారంటీ కాగితంలో రాట్చెట్ ఒక్కటి పాడైతే అదొక్కటే మారుస్తారా, మొత్తం సెట్ పంపించాలా అన్నది చదవండి. మార్చుకునే గడువు ఉండగానే బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఒక చక్రం, ఈ మూడు విప్పి మళ్లీ బిగించి చూస్తే ఆ సెట్ ఉంచుకోవాలో వెనక్కి పంపాలో మీకే తెలుస్తుంది.